వంటింటి పాత్రలకు వన్నె తెచ్చిన షార్దాన్

రాజులు, రాణులు, దేవతలు, యుద్ధాలు - బొమ్మలు వేయడానికి తగినవి ఇవేనని ఐరోపా అంతా నమ్మిన రోజులవి. ఆ రోజుల్లో వంటింటి రాగి కాగునూ, నీళ్ళ గ్లాసునూ, కోసి కొక్కేనికి తగిలించిన చేపనూ, వాటి పక్కన పడిన నీడనూ చిత్రించి చరిత్రలో నిలిచిపోయిన ఫ్రెంచి చిత్రకారుడు జాన్ సిమెయోన్ షార్దాన్. ఆయన 1699 నవంబరు 2వ తేదీన పారిస్ నగరంలో పుట్టారు. 1779 డిసెంబరు 6వ తేదీన అదే నగరంలో కన్నుమూశారు. ఎనభై ఏళ్ళ జీవితంలో ఆయన ఇటలీ ముఖం చూడలేదు. పారిస్ విడిచి చెప్పుకోదగ్గ దూరం వెళ్ళింది కూడా లేదు. ఇంట్లో వున్న వస్తువులే ఆయనకు ప్రపంచం. ఆ చిన్న ప్రపంచాన్ని చూడటానికే ఈనాడు దేశదేశాల జనం మ్యూజియంల ముందు బారులు తీరుతున్నారు.

వడ్రంగి ఇంట పుట్టిన బిడ్డ

షార్దాన్ తండ్రి వడ్రంగి. బిలియర్డు బల్లలు తయారుచేయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఫ్రాన్సు రాజుగారి కొలువుకు సైతం ఆయన చేసిన బల్లలు వెళ్ళేవి. సేన్ నదికి ఎడమవైపున చేతిపనుల వాళ్ళు, వర్తకులు కాపురముండే వీధుల్లో ఆ కుటుంబం నివసించేది. కొడుకు కూడా తనలాగే ఉలీ సుత్తీ పట్టి బతకాలని ఆ తండ్రి అనుకున్నాడు. అయితే పిల్లవాడి మనసు బొమ్మలమీద వుందని గ్రహించి అడ్డు చెప్పలేదు. కొయ్యను చూసి, తడిమి, నాణ్యం కనిపెట్టే ఇంట్లో పెరగడంవల్లనే కాబోలు, వస్తువు గరుకుదనం, నునుపుదనం, బరువు చూపులోనే పసిగట్టే నేర్పు షార్దాన్‌కు చిన్ననాటినుంచే అబ్బింది.

మొదట పియేర్ జాక్ కాజ్ అనే చిత్రకారుడి దగ్గర ఆయన శిష్యరికం చేశారు. ఆ గురువుగారు పేరున్నవాడే గాని, శిష్యుల ముందు మనిషిని నిలబెట్టి బొమ్మ గీయించేవాడు కాదు. తాను వేసిన బొమ్మలనే ఇచ్చి, వాటిని చూసి దించమనేవాడు. పురాణ కథలు చిత్రించే పద్ధతి అలా వుండేది. ఆ పద్ధతి షార్దాన్‌కు ఒంటబట్టలేదు.

తర్వాత నొయెల్ నికొలా కొయ్‌పెల్ అనే మరో చిత్రకారుడికి సహాయకుడిగా చేరారు. అక్కడ జరిగిన ఒక చిన్న సంఘటన ఆయన జీవితాన్ని మలుపు తిప్పిందని ఆయనను ఎరిగినవారు రాశారు. ఒక వేటగాడి బొమ్మలో తుపాకిని వేసే పని కొయ్‌పెల్ ఈ కుర్రవాడికి అప్పగించాడు. తుపాకి ఎలా వున్నా ఫరవాలేదని షార్దాన్ అనుకున్నారు. కాని గురువు ఆ తుపాకిని ఎటువైపు పెట్టాలి, దానిమీద వెలుతురు ఎటునుంచి పడాలి, ఎక్కడ మెరవాలి, ఎక్కడ మసకబారాలి అన్న విషయమై ఎంతో శ్రద్ధ తీసుకోవడం చూసి ఆశ్చర్యపోయారు. ఒక మామూలు వస్తువును కూడా ఇంత దీక్షగా చూడాలా అన్న ప్రశ్న ఆయన మనసులో నాటుకుపోయింది. ఆ ప్రశ్నకు జవాబే తర్వాతి యాభై ఏళ్ళ ఆయన పని.

వీధి బోర్డుతో వచ్చిన పేరు

తండ్రి స్నేహితుడైన ఒక శస్త్రవైద్యుడు తన దుకాణం ముందు కట్టడానికి బోర్డు వేసిపెట్టమని యువకుడైన షార్దాన్‌ను అడిగాడు. కత్తులు, కత్తెరలు, తన పనిముట్లు వేస్తే చాలని ఆ వైద్యుడి ఉద్దేశం. షార్దాన్ అలా చేయలేదు. కత్తియుద్ధంలో గాయపడిన మనిషిని వైద్యుడి గుమ్మంలోకి మోసుకురావడం, వీధి జనం మూగి చూడటం, కిటికీల్లోంచి తలలు బయటకు పెట్టడం - ఇదంతా పొడవాటి బోర్డుమీద చిత్రించారు. తెల్లవారి బోర్డు కట్టేసరికి వీధి వీధంతా అక్కడే వుందట. వైద్యుడికి మొదట కోపం వచ్చినా, జనం మెచ్చుకోవడం చూసి చల్లబడ్డాడని చెబుతారు. ఆ బోర్డు ఈనాడు లేదు. కాని షార్దాన్ పేరు పదిమంది నోళ్ళలో పడింది అప్పుడే.

ఇంతలో ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ఎవరో ఒక చచ్చిన కుందేలును తెచ్చి ఇచ్చారు. దాన్ని చిత్రించడానికి కూర్చున్నప్పుడు, అంతకుముందు తాను చూసిన బొమ్మలన్నిటినీ, వాటిని వేసిన మహామహుల పద్ధతులన్నిటినీ మనసులోంచి తుడిచివేయాలని అనుకున్నారు. వెంట్రుకలు లెక్కపెట్టినట్లు వేయడం కాదు, కాస్త దూరంలో నిలబడి చూస్తే ఆ కుందేలు మొత్తం ఎలా కనబడుతుందో, దాని గుండ్రదనం ఎక్కడ వెలుగులో వుందో, ఎక్కడ నీడలో కలిసిపోయిందో అలాగే వేయాలని పట్టుదల పట్టారు. ఆ పట్టుదలనుంచి పుట్టినవే ఆయన తొలినాటి వస్తుచిత్రాలు.

ఒక్క రోజులో అకాడమీ సభ్యత్వం

1724లో షార్దాన్ సెయింట్ లూక్ చిత్రకారుల సంఘంలో చేరారు. అది పనివాళ్ళ సంఘం వంటిది. అసలు గౌరవం అంతా రాజుగారి ఆధ్వర్యంలోని రాయల్ అకాడమీలో వుండేది. అందులో చోటు దొరకాలంటే సామాన్యం కాదు.

పారిస్‌లో దోఫీన్ చౌకులో ఏటా క్రైస్తవుల ఒక పండుగనాడు యువ చిత్రకారులు తమ బొమ్మలను ఆరుబయట గోడలకు తగిలించేవారు. కొద్ది గంటలపాటు మాత్రమే సాగే ప్రదర్శన అది. అక్కడ షార్దాన్ పెట్టిన బొమ్మ అందరినీ నిలబెట్టేసింది. అది ఒక టేకు చేప బొమ్మ. చీల్చిన చేపను కొక్కేనికి వేలాడదీశారు. లోపలి ఎర్రని భాగాలు, తెల్లని పొట్ట తడితడిగా మెరుస్తున్నాయి. ఒకపక్క ఆలిచిప్పలమీద వీపు విరిచి నిలబడ్డ పిల్లి. మరోపక్క కూజా, మూకుడు, గుడ్డ. బల్ల అంచు దాటి ముందుకు పొడుచుకువచ్చిన కత్తి పిడి. ఆ పిడి నీడ బల్లమీద పడటంతో, చెయ్యి చాపితే అందుతుందా అన్నట్లుంటుంది. చూడటానికి జుగుప్స కలిగించే వస్తువును చూపు తిప్పుకోలేనంత అందంగా వేయడం అందులోని విశేషం.

1728 సెప్టెంబరు 25వ తేదీన ఆయన ఈ చేప బొమ్మతోపాటు మరికొన్నిటిని అకాడమీకి తీసుకువెళ్ళారు. వాటిని ముందు గదిలో వూరికే పెట్టినట్లు పెట్టి, తాను పక్క గదిలో నిలబడ్డారట. అప్పటి పెద్ద చిత్రకారుడు నికొలా ద లార్జిలియేర్ వచ్చి చూసి, ఇవి పేరుపొందిన ఫ్లెమిష్ చిత్రకారులు వేసినవని భ్రమపడి మెచ్చుకున్నాడట. అవి ఎదురుగా వున్న కుర్రవాడివని తెలిసి ఇంకా సంతోషించాడని ఆనాటివారు రాశారు. మామూలుగా అభ్యర్థిగా అంగీకరించడం ఒకసారి, పూర్తి సభ్యత్వం ఇవ్వడం మరొకసారి జరుగుతుంది. షార్దాన్‌కు రెండూ ఒకే రోజున జరిగాయి.

అయితే ఈ గౌరవంలోనే ఒక చిక్కు కూడా వుంది. అకాడమీలో చిత్రాలకు అంతస్తులుండేవి. పురాణాలు, చరిత్ర, మతగాథలు వేసేవారిది పైమెట్టు. తర్వాత మనుషుల ముఖచిత్రాలు వేసేవారు. అన్నిటికన్నా కిందిమెట్టు పండ్లు, పాత్రలు, చచ్చిన జంతువులు వేసేవారిది. షార్దాన్‌ను జంతువులు, పండ్లు వేసే నేర్పుగల చిత్రకారుడిగానే అకాడమీ రాసుకుంది. చరిత్ర చిత్రాలు వేసేవారికి తప్ప ఆచార్య పదవి దక్కదు. అంటే ఆయన ఎంత గొప్పగా వేసినా, విద్యార్థులకు పాఠం చెప్పే అర్హత ఎన్నటికీ రాదన్నమాట. వస్తువు చిన్నదైతే పని కూడా చిన్నదేనని లెక్కకట్టే ఈ కొలబద్దతో షార్దాన్ జీవితాంతం సర్దుకుపోవలసి వచ్చింది. ఆయన వాదులాటకు దిగలేదు. తన బొమ్మలతోనే జవాబు చెప్పారు.

ఇంటి సామానే చిత్రవస్తువు

1731లో మార్గరీత్ సేంతార్‌తో షార్దాన్ వివాహం జరిగింది. ఆ ఏడే కొడుకు జాన్ పియేర్ పుట్టాడు. 1733లో కూతురు పుట్టింది. ఆ రోజుల్లో ఆయన వేసిన బొమ్మల్లో కనిపించేవి తన ఇంటి సామానే. రోలు, రోకలి, మట్టి మూకుడు, రాగి గిన్నె, మిరియాల డబ్బీ, మూడు గుడ్లు, రెండు ఉల్లిపాయలు - ఇంతే సరంజామా. ఒకే గిన్నె పది బొమ్మల్లో కనబడుతుంది. కాని ఒక్కొక్కచోట దానిమీద వెలుతురు ఒక్కొక్క రకంగా పడుతుంది.

కుళాయి బిగించిన రాగి కాగు బొమ్మ ఇందుకు మంచి ఉదాహరణ. పారిస్ ఇళ్ళకు అప్పట్లో కుళాయి నీళ్ళు లేవు. మోసుకొచ్చిన నీళ్ళను ఇటువంటి కాగులో పోసి వాడుకునేవారు. మూడు కాళ్ళ పీటమీద నిలిచిన ఆ కాగును, పక్కన బక్కెట్టును, ముంతను, మరొక కుండను షార్దాన్ ఒక చిన్న చెక్కపలకమీద చిత్రించారు. అందులో మనిషి లేడు, కథ లేదు. అయినా ఆ కాగు ఒక పెద్దమనిషిలా హుందాగా నిలబడి వుంటుంది. ఈ బొమ్మ ప్రస్తుతం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో వుంది.

నీడను ఆయన వేసే తీరు మరొక విశేషం. నీడ అంటే నల్లరంగు పూయడం అని చాలామంది భావన. షార్దాన్ బొమ్మల్లో నీడకు కూడా రంగు వుంటుంది. ఎర్రని పండు పక్కనున్న వెండి గ్లాసు నీడభాగంలో ఆ ఎరుపు లీలగా తొంగిచూస్తుంది. తెల్ల గుడ్డ మడతలోని నీడలో పక్కనున్న రాగి ఛాయ చేరుతుంది. ఒక వస్తువు తన పక్కవాటికి కొంత రంగు ఇస్తుంది, వాటినుంచి కొంత పుచ్చుకుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఆయన కన్ను పట్టుకుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే దట్టంగా పూసిన రంగు ముద్దలు తప్ప ఏమీ తెలియదు. నాలుగడుగులు వెనక్కు వేస్తే గిన్నె, పండు, గాజు అన్నీ వాటి వాటి చోట్లకు వచ్చి కుదురుకుంటాయి.

ఆయన పని మహా నిదానం. ముందుగా కాగితంమీద గీసుకోవడం అరుదు. వస్తువును ఎదురుగా పెట్టుకుని, చూసి చూసి, పొరమీద పొర రంగు వేసేవారు. జీవితమంతా కలిపి ఆయన వేసినవి సుమారు 200 చిత్రాలు. అంటే ఏడాదికి సగటున నాలుగు. ఆయన బొమ్మ వేస్తుండగా చూసినవారు దాదాపు లేరని ఆనాటివారు చెప్పుకున్నారు.

స్నేహితుడి ఎత్తిపొడుపు

1733 ప్రాంతంలో షార్దాన్ వస్తువులనుంచి మనుషులవైపు తిరిగారు. దీనికి ఒక స్నేహితుడి మాట కారణమంటారు. ముఖచిత్రాలు వేసే జోసెఫ్ ఆవేద్ ఆయనకు ఆప్తమిత్రుడు. వచ్చిన బేరాన్ని తక్కువ డబ్బుకని ఆవేద్ వదులుకోబోతుంటే, ఆ మాత్రం వస్తే తీసుకోరాదా అని షార్దాన్ సలహా ఇచ్చారట. మనిషి ముఖం వేయడం మాంసపు వంటకాన్ని వేసినంత సులువు కాదని ఆవేద్ ఎత్తిపొడిచాడట. ఆ మాట షార్దాన్‌కు గుచ్చుకుంది.

అప్పటినుంచి ఆయన బొమ్మల్లోకి మనుషులు వచ్చారు. వాళ్ళు కూడా పెద్దవాళ్ళు కారు. గుడ్డలు ఉతికే స్త్రీ, కాగులోంచి నీళ్ళు పట్టుకునే పనిమనిషి, కూరగాయలు తరిగే ఆమె, సంతనుంచి రొట్టెలూ మాంసమూ మోసుకొచ్చి అలసటతో బల్లకు ఆనుకున్న యువతి. పిల్లలను కూడా ఆయన ఎంతో ప్రేమగా చిత్రించారు. సబ్బునీటి బుడగ వూదే కుర్రవాడు, పేకలతో మేడ కట్టే బాలుడు, బొంగరం తిరగడాన్ని కళ్ళార్పకుండా చూసే పిల్లవాడు - అందరూ తమ పనిలో లీనమై వుంటారు. ఎవరూ చూసేవారివైపు చూడరు. బుడగ పగలబోయే ముందు క్షణం, బొంగరం ఒరగబోయే ముందు క్షణం ఆ బొమ్మల్లో ఆగిపోయి వుంటాయి.

కాని ఇంట్లో పరిస్థితి వేరుగా వుంది. 1735లో భార్య మార్గరీత్ మరణించింది. కొద్దికాలానికే చిన్నారి కూతురు కూడా పోయింది. చిన్న కొడుకుతో షార్దాన్ ఒంటరివాడయ్యారు. భార్య పోయాక ఆస్తి లెక్కకోసం ఇంట్లోని సామాను జాబితా రాశారు. ఆయన బొమ్మల్లో కనబడే సామానులో కొన్ని ఆ జాబితాలోకి కూడా ఎక్కాయి. ఆయన చిత్రించిన గిన్నెలు ఆమె చేతిలో మెలిగిన గిన్నెలేనని వేరే చెప్పనక్కరలేదు.

రాజుగారి సమక్షంలో

1737లో అకాడమీ వారి ప్రదర్శన మళ్ళీ మొదలయింది. లూవ్ర్ భవనంలోని పెద్ద హాలులో జరిగే ఈ ప్రదర్శనకు సలాన్ అని పేరు. టిక్కెట్టు లేకుండా ఎవరైనా వచ్చి చూడవచ్చు. ప్రభువులు, వర్తకులు, పనివాళ్ళు అందరూ ఒకేచోట బొమ్మలు చూసే అవకాశం అప్పుడు కలిగింది. షార్దాన్ బొమ్మల ముందు సామాన్య జనం గుమిగూడేవారు. తమ ఇళ్ళు, తమ పిల్లలు, తమ వంటిళ్ళు గోడమీద కనబడటం వారికి కొత్త. ఈ చిత్రాలను రాగిరేకులమీద చెక్కి అచ్చులు తీసి అమ్మడంతో కొద్దిపాటి డబ్బున్నవారి ఇళ్ళకు కూడా షార్దాన్ బొమ్మలు చేరాయి.

1740లో షార్దాన్‌ను వెర్సేల్స్ రాజభవనంలో పదిహేనవ లూయీ రాజు ముందు ప్రవేశపెట్టారు. ఆయన రాజుకు రెండు బొమ్మలు సమర్పించారు. ఒకటి పిల్లకు కుట్టుపని నేర్పే తల్లిది. రెండవది భోజనానికి ముందు ప్రార్థన బొమ్మ. తల్లి బల్లమీద వడ్డన చేస్తూ చిన్నబిడ్డవైపు వంగి చూస్తుంటుంది. చిన్నబిడ్డ చేతులు జోడించి ప్రార్థన చెబుతుంటుంది. కుర్చీకి ఆడుకునే డోలు వేలాడుతుంటుంది. బంగారు సింహాసనాల నడుమ వుండే రాజుకు సామాన్య గృహస్థు ఇంటి భోజనం బల్లను కానుకగా ఇవ్వడం గమనార్హం. స్వీడన్ రాణి లూయిజా ఉల్రికా కూడా ఆయన బొమ్మలను కొనిపించుకున్నారు.

1744లో షార్దాన్ రెండవ వివాహం చేసుకున్నారు. ఆమె పేరు ఫ్రాన్స్వాజ్ మార్గరీత్ పూజే. కొంత ఆస్తి గల వితంతువు. మరుసటేడు పుట్టిన కూతురు పసితనంలోనే పోయింది. అయినా ఈ ఇల్లాలు రావడంతో షార్దాన్‌కు డబ్బు ఇబ్బంది తీరింది. 1752లో రాజుగారు ఏటా 500 లివర్ల భృతి మంజూరు చేశారు. 1757లో లూవ్ర్ భవనంలోనే కాపురానికి వసతి ఇచ్చారు. పుట్టి పెరిగిన పేటను వదిలి నది దాటి ఆయన అక్కడికి మారారు.

లెక్కల పుస్తకం, మేకులు, సుత్తి

1755లో అకాడమీ కోశాధికారిగా షార్దాన్‌ను ఎన్నుకున్నారు. అప్పటికి లెక్కలన్నీ గందరగోళంగా వున్నాయి. భార్య సాయంతో ఆయన వాటిని ఒక దారికి తెచ్చారు. సలాన్ ప్రదర్శనలో బొమ్మలను గోడలకు తగిలించే బాధ్యత కూడా ఆయనమీదే పడింది. ఇది వినడానికి చిన్నపనే గాని, కత్తిమీద సాము వంటిది. నేలనుంచి పైకప్పు దాకా వందలాది బొమ్మలు కిక్కిరిసి వుంటాయి. ఏ చిత్రకారుడైనా తన బొమ్మ కంటికి ఎదురుగా, మంచి వెలుతురులో వుండాలని పట్టుబడతాడు. అందరితో మంచిగా వుంటూ, ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ వుంటే రెండూ నిలబడతాయో చూసి షార్దాన్ సర్దేవారు. ఆచార్య పదవి దక్కకపోయినా, అకాడమీ ఇంటిపెద్ద మాత్రం ఆయనే అయ్యారు.

ఆ సలాన్‌ల గురించి ప్రసిద్ధ రచయిత డెనీ దిదెరో సమీక్షలు రాసేవాడు. చేతిరాతలో నకళ్ళు తీసి విదేశీ ప్రభువులకు పంపే ఆ సమీక్షల్లో షార్దాన్‌ను ఆయన ఆకాశానికెత్తాడు. ఆలివ్ కాయల జాడీ, నీళ్ళ గ్లాసు వంటివి వేసిన ఈ మనిషి రంగుల రహస్యం తెలిసిన మాంత్రికుడని ఆయన అభిప్రాయం. 1766లో రష్యా మహారాణి కేథరిన్‌కోసం షార్దాన్ ఒక పెద్ద చిత్రం వేశారు. చిత్రలేఖనం, శిల్పం, వాస్తువిద్యల పనిముట్లను అందులో గుదిగుచ్చారు. ఇలా ఆయన కీర్తి ఐరోపా ఆ చివరిదాకా పాకింది.

కొడుకు విషాదం

షార్దాన్ జీవితంలో తీరని దుఃఖం కొడుకు జాన్ పియేర్. తాను కిందిమెట్టు చిత్రకారుడిగా వుండిపోయానన్న బాధ తండ్రికి లోలోపల వుండి వుండవచ్చు. కొడుకును మాత్రం పైమెట్టుకు చేర్చాలని, పురాణ చరిత్ర చిత్రాలు వేసే శిక్షణ ఇప్పించారు. తండ్రి ఆశ నెరవేరినట్లే కనబడింది. 1754లో ఆ యువకుడు అకాడమీ ప్రథమ బహుమతి గెలిచాడు. 1757లో రోము వెళ్ళాడు. తండ్రి ఎన్నడూ చూడని నగరం అది.

కాని ఆ శిక్షణ అతనికి కలిసిరాలేదు. చెప్పుకోదగ్గ చిత్రం ఒక్కటీ చేతినుంచి రాలేదు. 1762లో తిరిగివస్తుండగా జెనోవా సముద్రతీరంలో ఇంగ్లీషు ఓడదొంగల చేతికి చిక్కాడు. తర్వాత మళ్ళీ ఇటలీ వెళ్ళిన జాన్ పియేర్ వెనీస్ నగరంలో నీట మునిగి మరణించాడు. అది ఆత్మహత్యేనని పలువురి భావన. ఇంటి గిన్నెలను నమ్ముకున్న తండ్రి నిలిచాడు. పెద్ద కథలను చేతపట్టిన కొడుకు నిలవలేకపోయాడు. అంతస్తుల కొలబద్ద తండ్రిని కించపరిచింది, కొడుకును కుంగదీసింది.

కళ్ళు మసకబారినా

డెబ్బయ్యో పడిలో షార్దాన్‌కు మరో దెబ్బ తగిలింది. చూపు మందగించింది. తైలవర్ణాలలో వాడే సీసపు తెలుపు, ఆ రంగులు, నూనెల ఘాటు దశాబ్దాల తరబడి సోకడంవల్ల కళ్ళు దెబ్బతిన్నాయని చెబుతారు. చూపే పెట్టుబడి అయిన మనిషికి ఇంతకన్నా ఆపద ఏముంటుంది? ఆ వయసులో మరెవరైనా కుంచె పక్కనపెట్టి విశ్రాంతి తీసుకునేవారు. షార్దాన్ అలా చేయలేదు. కుంచె వదిలి పాస్టెల్ పట్టారు.

పాస్టెల్ అంటే రంగుపొడిని కొద్దిపాటి జిగురుతో కలిపి సుద్దముక్కల్లా చేసిన కడ్డీలు. నూనె అక్కరలేదు, ఘాటు వుండదు. కాగితంమీద నేరుగా గీయవచ్చు. కాని రంగు గట్టిగా అంటుకోదు గనుక పొడి రాలకుండా అద్దం బిగించి కాపాడాలి. పాస్టెల్ బొమ్మల్లో ఆనాడు మోరిస్ కాంతేన్ ద లా తూర్‌ది పెద్దపేరు. ఆయన 1760లో షార్దాన్ ముఖాన్ని కూడా పాస్టెల్‌లో చిత్రించాడు. అంతవరకు ఎన్నడూ ముట్టని ఈ పద్ధతిని షార్దాన్ ముసలితనంలో చేపట్టడం చూసి తోటివారు ఆశ్చర్యపోయారు.

1771 సలాన్‌లో ఆయన పెట్టిన పాస్టెల్ తన సొంత ముఖమే. తలకు గుడ్డ చుట్టుకుని, మెడకు రుమాలు కట్టుకుని, ముక్కుమీదకు జారిన గుండ్రని కళ్ళజోడు పైనుంచి చూసే వృద్ధుడు. 1775లో మళ్ళీ తనను చిత్రించుకున్నారు. ఈసారి వెలుతురు కళ్ళలో కొట్టకుండా నుదుటికి నీడరేకు కట్టుకున్నారు. జీవితమంతా వస్తువులమీద పడే నీడను చూసిన మనిషి, చివరకు తన ముఖంమీద పడిన నీడను కూడా అంతే నిబ్బరంగా చూసుకున్నారు. ముడతలు దాచలేదు, బలహీనత దాచలేదు. చర్మం రంగులో ఆకుపచ్చ, నీలం, ఎరుపు గీతలు పక్కపక్కన గీసి, దూరంనుంచి అవి కలిసి ప్రాణమున్న ముఖంగా కనబడేట్లు చేశారు. అదే ఏడు భార్య ముఖాన్ని కూడా చిత్రించారు. ఈ మూడు పాస్టెళ్ళూ లూవ్ర్‌లో వున్నాయి.

పదవుల విషయంలో మాత్రం చివరి రోజులు సుఖంగా సాగలేదు. 1770లో అకాడమీ పెత్తనం చరిత్ర చిత్రాలు వేసే జాన్ బాప్తీస్త్ పియేర్ చేతికి వచ్చింది. షార్దాన్ పలుకుబడి తగ్గింది. 1774లో ఆయన కోశాధికారి బాధ్యత వదులుకున్నారు. జనం అభిరుచి కూడా మారుతోంది. గ్రీకు, రోమను వీరగాథలవైపు గాలి మళ్ళింది.

అయినా 1779 సలాన్‌కు కూడా ఆయన పాస్టెళ్ళు పంపారు. అందులో ఒక కుర్ర సేవకుడి ముఖం రాజకుమారి విక్తువార్ మనసు దోచింది. వెల అడిగితే, ఆమె మెచ్చుకోవడమే చాలని షార్దాన్ కబురు పంపారట. ఆమె బంగారు పొడుం డబ్బీని కానుకగా పంపింది. ఆ ప్రదర్శన ముగిసిన కొన్నాళ్ళకే, డిసెంబరు 6న లూవ్ర్‌లోని తన వసతిలో షార్దాన్ తుదిశ్వాస విడిచారు.

మరుగునపడి మళ్ళీ వెలుగులోకి

ఆయన పోయిన పదేళ్ళకు ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. వీరుల బొమ్మలు, త్యాగాల బొమ్మలు కోరుకున్న ఆ కాలం రాగి కాగులను పట్టించుకోలేదు. షార్దాన్ చిత్రాలు చవకధరలకు చేతులు మారాయి. దాదాపు 60, 70 ఏళ్ళు ఆయన పేరు మరుగునపడింది. 1860వ దశకంలో గాంకూర్ సోదరులు ఆయనమీద రాసిన వ్యాసంతో జనం దృష్టి మళ్ళీ అటు మళ్ళింది. 1869లో లూయీ లా కాజ్ అనే వైద్యుడు తాను పోగుచేసిన చిత్రాలను లూవ్ర్‌కు రాసిచ్చాడు. వాటిలో షార్దాన్ బొమ్మలు చాలా వున్నాయి.

తర్వాతి తరం చిత్రకారులకు ఆయన గురువయ్యారు. యాపిల్ పండ్లు, గుడ్డ, జాడీలతో చిత్రకళను మలుపు తిప్పిన సెజాన్ ఆ నీడరేకు పాస్టెల్‌ను ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు. మతీస్ లూవ్ర్‌లో కూర్చుని టేకు చేప బొమ్మకు నకలు వేశాడు. ఆచార్య పదవి దక్కని మనిషి దగ్గర ఈ విధంగా ప్రపంచమే పాఠం నేర్చుకుంది. ఆయన మరణించిన 200 ఏళ్ళకు, 1979లో పారిస్‌లో ఆయన చిత్రాలతో భారీ ప్రదర్శన జరిగింది.

2022 మార్చిలో ఆయన 1761లో ప్రదర్శించిన అడవి స్ట్రాబెరీ పండ్ల బుట్ట బొమ్మ పారిస్‌లో వేలానికి వచ్చింది. గోపురంలా పేర్చిన ఎర్రటి పండ్లు, నీళ్ళ గ్లాసు, రెండు తెల్లపూలు, రెండు చెర్రీలు, ఒక పీచ్ పండు - అంతే అందులో వున్నవి. పెద్ద పలక అంత కూడా లేని ఆ చిత్రం 2 కోట్ల 43 లక్షల యూరోలకు పైగా పలికింది. విదేశాలకు తరలిపోకుండా ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని జాతీయ సంపదగా ప్రకటించింది. లూవ్ర్ విరాళాలకు పిలుపు ఇవ్వగా పెద్ద సంస్థలతోపాటు వేలాది సామాన్యులు కూడా తలా కొంత ఇచ్చారు. 2024లో ఆ బుట్ట లూవ్ర్ సొంతమయింది.

కిందిమెట్టు బొమ్మలని అకాడమీ లెక్కకట్టిన వాటికి దక్కిన గౌరవమిది. ఆ అకాడమీ ఏనాడో రద్దయింది. పైమెట్టున నిలిచిన చరిత్ర చిత్రకారుల్లో చాలామంది పేర్లు పుస్తకాలకే పరిమితమయ్యాయి. మూడు కాళ్ళ పీటమీద రాగి కాగు మాత్రం ఒకపక్క వెలుతురు, ఒకపక్క నీడతో లూవ్ర్‌లో నిబ్బరంగా నిలిచి వుంది.